మావాడు విషప్పాము కొంటానంటున్నాడు డాక్టరమ్మా, ఏం చెప్పేది?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కావలి. మా అబ్బాయికి 24 ఏళ్ళు, చెన్నై కంపెనీలో సాఫ్ట్‌వేర్ జాబ్, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంట్లోనే ఉండాడు. పోయినేడు బాల్ పైతాన్ అంట, ఒకటి తెచ్చి మేడ మీద గదిలో గాజుపెట్టెలో పెట్టుకున్నాడు. అదేం చెయ్యదమ్మా అన్నాడు, ఇంతవరకు నిజంగానే ఏం చెయ్యలేదు. ఇప్పుడు అది అమ్మినాయనే వాట్సాప్‌లో పచ్చరంగు పాము ఫోటో పెట్టాడంట, పిట్ వైపర్ అంట, విషం ఉంటదని వాడే చెప్తాడు, అయినా కావాలని 5 వేలు అడ్వాన్సు కట్టేశాడు. ఇంట్లో మా అత్తగారుంటారు, మా అమ్మాయి కూతురు మూడేళ్ళ పాప మా దగ్గరే పెరుగుతా ఉంది. వద్దురా అంటే "తప్పయితే అమ్మనిస్తారా, అయినా నువ్వు నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యొచ్చు, నేను పాముని ప్రేమగా పెంచుకుంటే తప్పొచ్చిందా" అంటాడు. నాకు నోట మాట రాలేదు. అసలు ఇట్టాంటివి ఇళ్ళల్లో పెంచుకోడానికి అమ్మొచ్చా? నేను వాడికి ఏం చెప్పాలి?

సమాధానం:

అమ్మా, నేను రిటైరైన పశువుల డాక్టర్ని, మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం గానీ ముందు ఒక్కటి, ఆ పచ్చ పాము మీ గడప దాటి లోపలికి రాకూడదు. పాపని చూసో అత్తగారిని చూసో మాత్రమే చెప్పడం లేదు, అందరికన్నా ముందు మీ అబ్బాయిని చూసి చెప్తా ఉండా. ఆ పెట్టె మూత తీసేదీ నీళ్ళ గిన్నె మార్చేదీ వాడే కదా, కరిస్తే మొదట వాడి చేతినే కరుస్తది.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మా మరిది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి చేస్తాడు. కొన్నేళ్ళ కిందట కోతలప్పుడు గట్టు మీద రక్తపింజర కొట్టింది. పక్క మడిలో ఎలకలు పడతా ఉన్న యానాది పెద్దాయన దాన్ని కళ్ళతో చూశాడు, కుక్కర్ విజిల్ వచ్చినట్టు బుస కొట్టింది, ఇది పింజరే, మంత్రాలూ పసర్లూ వద్దు ఆసుపత్రికి పొండి అని ఆయనే బండి ఎక్కించాడు. నెల్లూరు పెద్దాసుపత్రికి నేను పోయేసరికి మా మరిది కాలు మోకాలి దాకా వాచిపోయి ఉంది, చిగుళ్ళ నుంచి సన్నగా రక్తం వస్తా ఉంది. అక్కడ డ్యూటీ డాక్టరు చిన్న గాజు గొట్టంలో రెండు ఎమ్ఎల్ రక్తం తీసి స్టాండులో నిలబెట్టి గడియారం చూసుకుంది. ఇరవై నిమిషాలు దాన్ని కదపకూడదు. మామూలు మనిషి రక్తమైతే ఆ ఇరవై నిమిషాల్లో గడ్డ కట్టి గొట్టాన్ని వంచినా కదలకుండా ఉంటది. నేను ఆ గొట్టం వంకే చూస్తా కూర్చున్నా. టైమయ్యాక ఆమె వంచింది, రక్తం నీళ్ళలాగా అటు నుంచి ఇటు పారింది. ఇంక ఆమె ఒక్క క్షణం ఆగలేదు, యాంటీవెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, పది వయల్స్ సెలైన్‌లో ఎక్కించారు, ఆరు గంటల తర్వాత మళ్ళీ గొట్టం, మళ్ళీ మందు. మనిషి బతికాడు. ఈ సంక్రాంతికి కూడా మా ఇంటికొచ్చి అరిసెలు తిని పోయాడు.

మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ గొట్టం సంగతి చెప్పండి. పచ్చ పిట్ వైపర్ అంటే అదీ పింజర జాతే, దాని విషం కూడా చాలావరకు ఇదే పని చేస్తది, వాపు, నొప్పి, రక్తం గడ్డ కట్టకపోవడం. గొట్టం వంచితే రక్తం అట్టానే పారతది. తేడా ఏందంటే ఆ తర్వాత నర్సు ఫ్రిజ్ తెరిస్తే అందులో వాడికి పనికొచ్చే మందు ఉండదు. మనదేశంలో దొరికే యాంటీవెనమ్ నాలుగు పాములకి చేసింది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళులనే గిరిజనుల సొసైటీ ఉంది, 1978లో పెట్టింది, వాళ్ళు ఈ నాలుగు పాముల్ని పట్టి విషం తీసి, తర్వాత వాటిని మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కంపెనీలు గుర్రాలకి కొంచెం కొంచెంగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడుని తీసి శుద్ధి చేసి మందు చేస్తాయి. ఏ విషం ఎక్కించారో దానికే విరుగుడు పుడతది. మనదేశంలోనే ఒక ప్రాంతం పాముకీ ఇంకో ప్రాంతం పాముకీ విషంలో తేడా ఉండి మందు సరిగ్గా పట్టడం లేదని పరిశోధకులు మొత్తుకుంటా ఉంటే, థాయిలాండ్ నుంచో ఇండోనేషియా నుంచో వచ్చిన పాముకి మన మందు పని చేస్తదని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. అక్కడి పచ్చ పింజరలకి బ్యాంకాక్‌లో రెడ్ క్రాస్ వాళ్ళు మందు చేస్తారు. అది కావలిలో ఉండదు, నెల్లూరులో ఉండదు. పాముని తెచ్చి అమ్మినాయన ఆ మందు కూడా తెచ్చిస్తాడా అని మీ అబ్బాయిని అడగమనండి, ఫోన్ చేసి అడగమనండి, ఏం చెప్తాడో మీరు పక్కనుండి వినండి.

ఇంకో మాట. 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో మనదేశంలో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది, ఏడాదికి సగటున 58 వేలు, ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర కూడా ఉంది. వాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లో ఉండేవాళ్ళు, తప్పించుకునే దారి లేనోళ్ళు. మందు తయారయ్యే పాములతోనే ఇంతమంది పోతా ఉంటే మందు లేని పాముని డబ్బిచ్చి ఇంట్లోకి తెచ్చుకోవడం నాకైతే మింగుడు పడదు.

ఇంక "తప్పయితే అమ్మనిస్తారా" అన్నాడు కదా, దీనికి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశపు పాములూ తాబేళ్ళూ అయితే అనుమానమే లేదు, నాగుపాము, రక్తపింజర, కొండచిలువ, జెర్రిపోతు, ఉడుము, నక్షత్ర తాబేలు, ఇవన్నీ 1972 వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూల్, అంటే ఎక్కువ రక్షణ ఉన్న లిస్టు, ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, 25 వేలకి తగ్గకుండా జరిమానా. (మన వైపు చాలా ఇళ్ళల్లో కలిసొస్తదని నక్షత్ర తాబేలు పెట్టుకుంటారు, వాళ్ళు కూడా ఇది చదవాలి.) బయటి దేశపు జంతువుల సంగతికొస్తే 2022లో చట్టం మార్చి నాలుగో షెడ్యూల్ అని ఒకటి పెట్టారు, 2024 ఫిబ్రవరిలో దానికి రూల్స్ వచ్చాయి. సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం లిస్టులో ఉన్న ఏ ప్రాణి మన దగ్గరున్నా పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, అప్పటికే ఉన్నవాళ్ళకి ఆరు నెలలు టైమిచ్చారు, తర్వాత తెచ్చుకున్నవాళ్ళకి చేతికొచ్చిన 30 రోజుల్లోపు. మీవాడి బాల్ పైతాన్ ఆ లిస్టులో ఉంది. రిజిస్ట్రేషన్ ఉందా అని మీరు రాయలేదు, లేదనే నాకనిపిస్తా ఉంది.

ఇక్కడే నా బాధ. ఆ లిస్టు ఏ ప్రాణి అంతరించిపోతా ఉంది, దేని వ్యాపారం అదుపులో పెట్టాలి అనే లెక్కతో చేసింది, ఏది మనిషిని చంపుతది అనే లెక్కతో కాదు. అందుకే ఎవరినీ ఏం చెయ్యని బాల్ పైతాన్ లిస్టులో ఉంటది, మనిషి ప్రాణం తీసే విషప్పాములు చాలా వరకు లిస్టులో ఉండవు. వాటిని లైసెన్స్ లేకుండా దేశంలోకి తెస్తే స్మగ్లింగే, కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు, కానీ ఒకసారి దాటొచ్చి వాట్సాప్ గ్రూపులోకి చేరితే "ఇది లిస్టులో లేదు సార్, పేపర్లు అక్కర్లేదు" అని అమ్మేస్తారు. మీవాడికి చెప్పింది కూడా ఇదే అయ్యుంటది. విషం ఉన్నవి, మనిషిని చుట్టి చంపగలిగే సైజుకి పెరిగేవి, మొసళ్ళూ, పెద్ద ఉడుము జాతులూ, ఇవి సైటిస్‌లో ఉన్నా లేకున్నా ఇళ్ళల్లో పెంచుకోడానికి అమ్మకూడదని మన చట్టంలో విడిగా ఒక ముక్క రావాలి, జూకీ పరిశోధనకీ తప్ప ఎవరికీ అమ్మకూడదు, ఎంత అనుభవం ఉన్నోళ్ళకైనా సరే. అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇవి ఎట్టా వస్తాయో మీ అబ్బాయికి తెలుసో లేదో. 2023 ఏప్రిల్లో కౌలాలంపూర్ నుంచి చెన్నై వచ్చిన ఒకామె పెట్టెల్లో 22 పాములు దొరికాయి. 2024 ఏప్రిల్లో బ్యాంకాక్ నుంచి బెంగళూరు వచ్చిన పాసింజరు దగ్గర పది పసుపు అనకొండలు. 2025 జూన్‌లో ముంబైలో థాయిలాండ్ నుంచి వచ్చినాయన లగేజీలో 47 విషప్పాములు, అందులో 44 ఇండోనేషియా పిట్ వైపర్లు. మిగతా మూడూ ఏందో తెలుసా, ఇరాన్ పడమటి కొండల్లో ఉండే సాలెపురుగు తోక పింజర, దాని తోక చివర అచ్చం సాలీడు కాళ్ళలాగా ఉంటది, రాళ్ళ మధ్య కదలకుండా పడుకుని తోక మాత్రం ఆడిస్తే పురుగనుకుని పిట్ట వచ్చి వాలతది, అప్పుడు పడతది. అట్టాంటి పాము ఒకటుందని సైన్సులో పేరు పెట్టి నమోదు చేసిందే 2006లో. ఇరవయ్యేళ్ళు తిరక్కముందే అది సూట్‌కేసులో బట్టల మధ్య మూటగట్టి ముంబై చేరింది. పాములంటే ప్రేమ అంటాడు కదా మీవాడు, ఇది చదివాక వాడికి కడుపులో తిప్పకపోతే నేను రాసింది దండగ. పట్టుబడినవే ఇన్ని, ఇంక దారిలో చచ్చినవి ఎన్నో. అమ్మేవాడు ఆ చచ్చినవాటి ఖర్చు కూడా బతికినదాని రేటులో కలుపుకుంటాడు.

బాల్ పైతాన్ సంగతి వేరే చెప్తా, రెండిటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. అది పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము, విషం లేదు, నాలుగైదు అడుగులకి మించి పెరగడం తక్కువ, భయపడితే తల లోపల పెట్టుకుని బంతిలాగా చుట్టుకుంటది, ఆ పేరు అందుకే. మనుషులకి దాని వల్ల పెద్ద ప్రమాదం లేదు. కానీ ఇరవై ముప్ఫై ఏళ్ళు బతుకుతది అమ్మా. మీవాడికి రేపు పెళ్ళయితదా, బెంగళూరో అమెరికానో పోతాడా, అప్పుడు దానికి ఎలకలు వేసేది ఎవరు, మీరా? మేడ మీద గదిలో ఎండాకాలం ఎంత వేడో, కరెంటు పోతే ఆ పెట్టెలో ఏమయితదో ఎప్పుడైనా చూశారా?

పాప విషయంలో మాత్రం దానితో కూడా జాగ్రత్త. పాములూ తాబేళ్ళూ బల్లిజాతి జంతువుల పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా మామూలుగా ఉంటది, వాటికి జబ్బు చెయ్యదు, పైకి శుభ్రంగానే కనిపిస్తాయి, కానీ ఐదేళ్ళ లోపు పిల్లలకీ ముసలివాళ్ళకీ సోకితే విరేచనాలు, జ్వరం, ఒక్కోసారి రక్తంలోకి పాకి ప్రాణం మీదకి వస్తది. అమెరికాలో నాలుగంగుళాల లోపు చిన్న తాబేళ్ళని అమ్మకూడదని 1975 నుంచీ నిషేధం ఉంది, కారణం ఇదే, పిల్లలు నోట్లో పెట్టుకుంటారని. పెట్టె కడిగిన నీళ్ళు వంటింటి సింకులో పొయ్యకండి, పాముని పట్టుకున్న చేత్తో పాపని ఎత్తుకోనివ్వకండి.

నేను సర్వీసులో ఉన్నది ఎక్కువగా గిత్తలూ గేదెల మధ్యే, కానీ రిటైరయ్యే ముందు ఒకసారి ఒంగోలులో ఒక కుటుంబం అట్టపెట్టెలో ఇగ్వానా అనే పెద్ద బల్లిజాతి జంతువుని తెచ్చారు. కొన్నప్పుడు జానెడు ఉండేదంట, పచ్చగా ముద్దుగా, పిల్లలు భుజం మీద ఎక్కించుకునేవాళ్ళంట. మూడేళ్ళు తిరిగేసరికి తోకతో కలిపి నాలుగడుగులయింది, తోకతో కొడితే పెద్దబ్బాయి చేతి మీద కొరడా వాత తేలింది. అప్పటినుంచి బాత్రూమ్‌లో పెట్టి తలుపేశారు. నేను దవడ పట్టుకుని చూస్తే రబ్బరు లాగా వంగింది, ఎముక గట్టితనమే లేదు, ముందు కాళ్ళు లావుగా బలిసినట్టు కనిపిస్తా ఉన్నాయి గానీ అది కండ కాదు, ఎముక మెత్తబడి వాచింది. దానికి ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు తగలాలి, అప్పుడే ఒంట్లో విటమిన్ డి తయారయ్యి కాల్షియం ఎముకకి పడతది, తినేది ఆకులు. వీళ్ళు బాత్రూమ్‌లో ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఉడికిన గుడ్డూ బ్రెడ్డూ వేశారు. చెడ్డవాళ్ళు కాదమ్మా, ఆ ఇల్లాలు ఏడుస్తానే ఉంది, అమ్మినాయన ఏం పెడితే అది తింటది అన్నాడు డాక్టరమ్మా అని. నేను కాల్షియం ఇచ్చాను, లైటు సంగతి చెప్పాను, పదకొండు రోజులకి చచ్చిపోయింది. అది ఆకలితో చావలేదు, నొప్పితో చచ్చింది, కుక్కలాగా మూలగదు కాబట్టి మూడేళ్ళు ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అమ్మినవాడికి అసలే తెలియదు.

నాగులచవితి మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను, మీవాడు మంచి ప్రశ్నే వేశాడు. మనం ఆ రోజు ఎక్కడికి పోతాం? పుట్ట దగ్గరకి, దాని ఇంటికి. తడిబట్టతో పోయి చలిమిడి, చిమ్మిలి పెట్టి, పాలు పోసి, మా పిల్లల జోలికి రాకు తండ్రీ నీ జోలికి మేం రాం అని దండం పెట్టి వెనక్కొస్తాం. పాము పాలు తాగదు, అది నాకూ తెలుసు, పాలు పొయ్యకుండా పసుపూ కుంకుమ చల్లినా సరిపోద్దని నేను అందరికీ చెప్తా ఉంటా. కానీ ఆ పండగలో దాని చోటు దానికి వదిలేసి రావడం ఉంది. ఆడించేవాళ్ళు బుట్టలో పెట్టి ఇంటింటికీ తిప్పే పాముకి కోరలు పీకి నోరు కుట్టి తెచ్చేవాళ్ళు, చిన్నప్పుడు మేమూ దానికి డబ్బులేసి దండం పెట్టినవాళ్ళమే, తప్పు చేశామని తర్వాత తెలిసింది. మీవాడి గాజుపెట్టె ఆ బుట్టకి దగ్గరా, పుట్టకి దగ్గరా అని వాడినే అడగండి. కోపంగా కాదు, మామూలుగా అడగండి.

ఒకటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యనివ్వకండి. గొడవయ్యి విసుగుపుట్టి బాల్ పైతాన్‌ని తీసుకెళ్ళి కాలవ గట్టునో తోటలోనో వదిలేస్తానంటాడు, మీ అత్తగారు కూడా వదిలెయ్‌రా పుణ్యం అంటారు. వద్దు. ఊరోళ్ళు చూస్తే పింజర అనుకుని కర్రతో కొట్టేస్తారు, ఒంటి మీద మచ్చలు అట్టానే ఉంటాయి. కొట్టకపోయినా పెంపుడు పాములకి వచ్చే జబ్బులు మన పాములకి అంటొచ్చు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో పెంచుకోడానికి కొన్న బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి అడవిలోకి చేరి లెక్కకి అందకుండా పెరిగాయి, రకూన్ అనే జంతువు అక్కడ 99 శాతం కనిపించకుండా పోయిందని 2012లో తేలింది, ఆ ఏడే ఆ దేశం ఆ పాముల దిగుమతి ఆపింది. అప్పటికే ఆలస్యం. మన పెన్నా కాలవలూ పులికాట్ చిత్తడీ వేడి వాతావరణం, ఇక్కడ అట్టాంటిది మొదలయితే ఆపేదెవరు?

పెద్ద పాములు తప్పించుకోవడం సినిమా కథ కాదు. 2013 ఆగస్టులో కెనడాలో ఒక పెట్ షాపు పై అంతస్తు ఇంట్లో పెట్టిన ఆఫ్రికన్ రాక్ పైతాన్ వెంటిలేషన్ గొట్టంలోంచి బయటపడి, పక్క గదిలో నిద్రపోతా ఉన్న ఇద్దరు చిన్నపిల్లల్ని చంపింది, అన్నదమ్ములు, షాపు ఓనరు కొడుకు ఫ్రెండ్స్, ఆ రాత్రికి అక్కడ పడుకోడానికి వచ్చారు. ఓనరు మీద కేసు పెట్టారు, 2016లో నిర్దోషి అన్నారు. అది ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి ఇల్లు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. పైతాన్ గురించి వాడూ మీరూ కలిసి నెల్లూరు డీఎఫ్ఓ, అంటే అటవీ శాఖ అధికారి, ఆఫీసుకి పొండి, దాచిపెట్టి తర్వాత దొరకడం కన్నా మనంతట మనం పోయి చెప్పడం నయం. రిజిస్ట్రేషన్‌కి వీలుందా, లేకపోతే అప్పగించాలా అనేది వాళ్ళు చెప్తారు, పోయేముందు తెలిసిన లాయరు ఒకాయనతో మాట్లాడుకుంటే మంచిది. కొన్నప్పటి మెసేజ్‌లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్‌లు చెరిపెయ్యొద్దని చెప్పండి.

వాడి ఇష్టాన్ని మాత్రం చంపకండి. పాములంటే భయపడని కుర్రాళ్ళు మన జిల్లాకి కావాలి. ఒక ఆదివారం చెన్నై తీసుకుపోయి ఈసీఆర్ రోడ్డులో వడనెమ్మేలి దగ్గర మొసళ్ళ బ్యాంకు చూపించండి, 1976లో పెట్టింది, ఇరుళుల సొసైటీ ఆ పక్కనే, అక్కడ విషం తీసేది జనం ముందే చేసి చూపిస్తారు. గాజు పాత్ర మీద కట్టిన పల్చటి తొడుగులోకి కోర దిగడం, లోపల లేత పసుపు చుక్క జారడం వాడు కళ్ళతో చూడాలి. మా మరిదికి ఎక్కిన మందు ఆ చుక్కల నుంచే వచ్చింది. తర్వాత వాడికి మనసుంటే మీ మండలం స్కూళ్ళకి పోయి పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నడిపించొద్దు, కదలకుండా ఆసుపత్రికి తేవాలి అని చెప్పొచ్చు, అట్టా చెప్పేవాళ్ళు చాలక మనవైపు మనుషులు పోతా ఉండారు.

అడ్వాన్సు 5 వేలు వెనక్కి రాదని వాడు మొండికేస్తాడేమో, పోతే పోనీయండి, ఆ డబ్బు మీరే వాడి చేతికిచ్చి అయినా సరే ఆర్డరు క్యాన్సిల్ చేయించండి. ఈలోగా మేడ మీద గదికి బయట గొళ్ళెం పాపకి అందని ఎత్తులో పెట్టించండి, గాజుపెట్టెకి తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. డీఎఫ్ఓ ఆఫీసులో ఏమన్నారో నాకు రాయండి.